గేరు లారీతో హెవీ లైసెన్సు పరీక్షకు ఎలా సిద్ధం కావాలి

నేను చూసినంతలో హెవీ లైసెన్సు పరీక్ష తప్పినవారిలో ఎక్కువమందికి స్టీరింగు బాగానే వచ్చు. వారిని వెనక్కి పంపినవి ఎడమ కాలి కింద ఉండే క్లచ్చు, ఎడమ చేతి పక్కన ఉండే గేరు రాడ్డు. కారులో రెండో గేరు వేయవలసిన చోట మూడో గేరులోనే ఉన్నా ఇంజను కాస్త మూలిగి బండిని లాగేస్తుంది కాబట్టి అది తప్పని మనకు తెలియదు. లారీలో అదే పని చేస్తే ఇంజను ఆగిపోతుంది, లేదా ఎత్తు మీద బండి వెనక్కి జారుతుంది, లేదా పల్లంలో మన అదుపు తప్పి పరుగెత్తుతుంది. అందుచేత అవసరం మీద పడ్డాక గేరు మార్చడం మాని, అవసరం దూరాన కనబడగానే మార్చే అలవాటు చేసుకోవాలన్నదే ఈ సిద్ధపాటు అంతటికీ మూలమని నా నమ్మకం. కింద చెప్పే మెట్లన్నీ ఆ అలవాటు కోసమే.

ముందుగా అర్హత, కాగితాలు

ఈ విషయంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు దేశమంతటికీ వర్తిస్తాయి కాబట్టి మీరు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, తెలంగాణలో ఉన్నా, పని కోసం మరో రాష్ట్రానికి వెళ్ళినా అసలు షరతులు మారవు. రవాణా వాహనం నడపడానికి మీకు 20 ఏళ్ళు నిండాలి. అంతకు ముందే తేలికపాటి మోటారు వాహనం లైసెన్సు, అంటే మనం కారు లైసెన్సు అనేది, కనీసం ఏడాదిగా మీ చేతిలో ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న పాత షరతును 2019లో తీసివేశారు, కనుక చదువు లేదన్న సంకోచంతో ఎవరూ వెనుకంజ వేయనక్కరలేదు. అయితే రోడ్డు పక్క గుర్తులను చదివి అర్థం చేసుకోవలసిన అవసరం మాత్రం తీరలేదు.

మొత్తం బరువు, అంటే బండి బరువూ సరుకు బరువూ కలిపి, 12,000 కిలోలు దాటే సరుకు బండిని చట్టం భారీ సరుకు వాహనం అంటుంది. 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని కారు లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టం చేసింది. మీరు నడపదలచినది చిన్న సరుకు బండి మాత్రమే అయితే ముందు దాని రిజిస్ట్రేషన్ పత్రంలో మొత్తం బరువు ఎంత రాసి ఉందో చూసుకోండి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటే లారీ నడపాలనుకుంటే ఈ పరీక్ష తప్పదు.

దరఖాస్తుతోపాటు ఫారం 1-ఎ అనే వైద్య ధ్రువపత్రం కావాలి. డాక్టరు దగ్గరకు వెళ్ళకముందే మీ చూపును మీరే ఒకసారి పరీక్షించుకోండి: పగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన నిలబడిన కారు నంబరు ప్లేటును చదవగలగాలి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియాలి. కళ్ళద్దాలు అవసరమైతే ఇప్పుడే తీసుకోండి. అద్దాలలో చూస్తూ రివర్సు చేయవలసిన రోజున కొత్త కళ్ళజోడుకు అలవాటు పడుతూ కూర్చోవడం మంచిది కాదు.

అభ్యాస లైసెన్సు, అంటే ఎల్.ఎల్.ఆర్., ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తరువాత పరీక్షకు వెళ్ళవచ్చు. ఆ కాలంలో మీరు లారీ తోలుతున్నప్పుడు ఆ వాహనానికి చెల్లే లైసెన్సు ఉన్న శిక్షకుడు, అవసరమైతే బండిని ఆపగలిగే చోట, మీ పక్కన కూర్చుని ఉండాలి. ముందూ వెనుకా 18 సెంటీమీటర్ల చదరపు తెల్ల పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం కనబడాలి. ఖాళీ మైదానంలో సాధనే కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు. మైదానానికి వెళ్ళేదీ వచ్చేదీ రోడ్డు మీదుగానే అని గుర్తుంచుకోండి.

బడిని ఎంచుకోవడం

రవాణా వాహనాల శిక్షణకు కనీసం 30 రోజుల వ్యవధి, అందులో కనీసం 15 గంటలు స్వయంగా నడపడం ఉండాలని నిబంధన. లెక్క వేస్తే రోజుకు అరగంట. నా అభిప్రాయంలో లారీకి ఇది చాలా తక్కువ, అయినా ఆ అరగంట కూడా నిజంగా దక్కేవారు అందరూ కారు. డబ్బు కట్టగానే శిక్షణ పూర్తయినట్లు ఫారం 5 చేతిలో పెడతామనే చోట చేరకండి. ఆ కాగితంతో పరీక్ష దాటవచ్చేమో గానీ, ఇరవై టన్నుల ఇసుక వెనుక ఉన్నప్పుడు ఘాట్ రోడ్డు మలుపులో ఆ కాగితం బ్రేకు వేయదు. చేరే ముందు మూడు సంగతులు అడగండి: బండి ఏది, దానికి ఎన్ని గేర్లు, పరీక్షకు కూడా అదే బండిని తెస్తారా. మూడోది అన్నిటికంటె ముఖ్యం, ఎందుకంటే ప్రతి లారీకి క్లచ్చు పట్టే ఎత్తు వేరుగా ఉంటుంది. నెల రోజులు ఒక బండికి అలవాటు పడిన కాలు పరీక్షనాడు మరో బండి మీద మొదటి పది నిమిషాలూ తడబడుతుంది.

ఒకే లారీలో నలుగురైదుగురిని ఎక్కించుకుని వంతుల వారీగా నేర్పడం మన దగ్గర మామూలే. మీ వంతు అయిపోయాక ఫోను తీయకండి. పక్కవాడు గేరు మారుస్తున్నప్పుడు ఇంజను శబ్దం వినండి, ఎప్పుడు మార్చి ఉండవలసిందో మనసులో చెప్పుకోండి. కళ్ళు మూసుకుని శబ్దాన్ని బట్టి ఏ గేరులో ఉన్నామో చెప్పగలిగిన రోజున మీ చదువు సగం పూర్తయినట్లే.

ఇంజను ఆపి ఉన్నప్పుడు చేయవలసిన సాధన

మొదటి రెండు రోజులు తాళం తిప్పనక్కరలేదు. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రానికి చెక్క దిమ్మ అడ్డం పెట్టి, సీటులో కూర్చోండి. క్లచ్చును అడుగు దాకా తొక్కినప్పుడు మోకాలు పూర్తిగా చాచుకుపోకుండా, కొద్దిగా వంగి ఉండేలా సీటును ముందుకో వెనక్కో జరపండి. పొట్టివారు సీటు అంచుకు జారి కూర్చుని క్లచ్చు తొక్కడం నేను చాలాసార్లు చూశాను. అలా కూర్చుంటే మడమ నేలకు ఆనదు, పాదం వణుకుతుంది, బండి ఎగిరెగిరి పడుతుంది. వీపు వెనుక దిండు పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

తరువాత గేరు రాడ్డు నాబు మీద ఉన్న బొమ్మ చూడండి. మన రోడ్ల మీద తిరిగే మధ్యతరహా లారీల్లో చాలావాటికి ఆరు ముందు గేర్లు, ఒక రివర్సు ఉంటాయి. పెద్ద టిప్పర్లు, బహుచక్రాల లారీల్లో తొమ్మిది గేర్ల పెట్టెలు ఉన్నాయి. వాటిలో ఒకటి బాగా బరువుతో పాకడానికి వాడే క్రాలర్, మిగిలిన ఎనిమిదీ కింది వరుస నాలుగు, పై వరుస నాలుగుగా ఉంటాయి. వరుస మార్చడానికి కొన్నింటిలో రాడ్డు మీద చిన్న మీట ఉంటుంది, కొన్నింటిలో రాడ్డునే గట్టిగా పక్కకు నెట్టాలి. ఆ వరుస మార్పు గాలి ఒత్తిడితో జరుగుతుంది కాబట్టి న్యూట్రల్‌లో ఒక క్షణం ఆగి గేరు వేయాలి. వేగంగా పోతున్నప్పుడు పై వరుస నుంచి పొరబాటున కింది వరుసకు పడేస్తే గేరు పెట్టెకూ క్లచ్చుకూ పెద్ద నష్టం జరుగుతుంది. మీ బండి ఏ రకమో తెలుసుకుని, క్లచ్చు తొక్కి, చూడకుండా ప్రతి గేరూ తడిమి పట్టుకోవడం సాధన చేయండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు లోపల పళ్ళు ఎదురెదురుగా నిలిచి కొన్ని గేర్లు పడకపోవచ్చు; బలవంతం చేయకుండా ఆ స్థానం ఎక్కడుందో చేతికి తెలిసేలా తాకి వదలండి.

బండి చుట్టూ తిరగడం

రోజూ ఎక్కే ముందు లారీ చుట్టూ ఒకసారి, ఎప్పుడూ ఒకే దిక్కుగా తిరగండి. కింద నేల మీద ఆయిలు గానీ నీళ్ళు గానీ కారిన మరక ఉందా, డిప్ స్టిక్కులో ఇంజనాయిలు రెండు గీతల మధ్య ఉందా, రేడియేటరు నీళ్ళు, బెల్టు సరిగా ఉన్నాయా, బండి బరువు మోసే స్ప్రింగులైన కమాన్ పట్టీల్లో ఏదైనా విరిగిందా, వీల్ నట్ల చుట్టూ తుప్పు చారలు ఉన్నాయా అని చూడండి. కొత్తగా పడిన తుప్పు చార చాలాసార్లు ఆ నట్టు వదులైందనడానికి గుర్తు. వెనుక జంట టైర్లలో లోపలిది గాలి దిగినా బయటికి తెలియదు కాబట్టి రెండింటినీ ఇనుప కడ్డీతో కొట్టి చప్పుడు వినాలి; గాలి నిండిన టైరు గట్టిగా మోగుతుంది, దిగినది మొద్దుగా పలుకుతుంది. లైట్లు, ఇండికేటర్లు, వెనుక రిఫ్లెక్టర్లు, రెండు వైపుల అద్దాలు తుడిచి చూసుకోండి. ఇంజను స్టార్టు చేసే ముందు జాగ్రత్తలు తీసుకోవడం, అద్దం సరిచేసుకోవడం పరీక్షలో చూడవలసిన అంశాలుగా కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ దానిలోనే రాసి ఉన్నాయి.

ఇంజను స్టార్టు చేశాక గాలి గేజీ ముల్లులు ఎర్ర గుర్తు దాటి పైకి వచ్చేదాకా, హెచ్చరిక బజరు ఆగేదాకా కదలకూడదు. గాలి ఎక్కనిదే, స్ప్రింగు బలంతో చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు బ్రేకు వదలదు. ఈ లోపల తొందరపడి యాక్సిలరేటరు తొక్కి ఇంజనును అరిపించడం కొత్తవారి లక్షణం. పక్కన కూర్చున్న అధికారికి అది వెంటనే తెలిసిపోతుంది.

క్లచ్చు

ఇక్కడ ఎక్కువ రోజులు గడపండి. క్లచ్చు పెడలు ప్రయాణంలో మూడు భాగాలు ఉంటాయి: పైన ఏమీ జరగని వదులు, మధ్యలో ప్లేటు పట్టే చోటు, కింద పూర్తిగా విడిపోయిన చోటు. మనకు కావలసింది ఆ మధ్య చోటు, అది వేలెడంత ఉంటుంది. సమతలం మీద, ఖాళీ లారీతో, యాక్సిలరేటరు ముట్టకుండా, మొదటి గేరు వేసి క్లచ్చును మడమ నేలకు ఆనించి నెమ్మదిగా వదలండి. ఇంజను శబ్దం కాస్త దిగుతుంది, క్యాబిన్ సన్నగా కదులుతుంది. అదే పట్టే చోటు. అక్కడ పాదాన్ని నిలిపితే లారీ తనంతట తానే కదులుతుంది, ఎందుకంటే డీజిలు ఇంజను నిదాన వేగంలో కూడా ఖాళీ బండిని లాగగలిగే బలం ఇస్తుంది. నాలుగు మీటర్లు పోయి ఆపండి. మళ్ళీ నాలుగు మీటర్లు. ఇలా ఒక పూట యాభై సార్లు చేస్తే విసుగు వస్తుంది, కానీ ఆ విసుగుతోపాటు కాలికి జ్ఞాపకం కూడా వస్తుంది. పక్కన కూర్చున్నవారి తల ముందుకూ వెనక్కూ ఊగకుండా కదలడమూ ఆపడమూ వచ్చేదాకా రెండో గేరు జోలికి పోవద్దు.

బండి కదిలాక ఎడమ పాదాన్ని క్లచ్చు మీది నుంచి పూర్తిగా తీసి పక్కన నేల మీద పెట్టండి. పెడలు మీద కాలు ఆనించి నడపడం వల్ల ప్లేటు సగం జారుతూ వేడెక్కి అరిగిపోతుంది, క్యాబిన్‌లో కాలిన వాసన వస్తుంది. పరీక్షలో ఇది స్పష్టంగా కనబడే తప్పు, ఉద్యోగంలో యజమానికి ఖర్చు తెచ్చే తప్పు.

గేర్లు పైకీ కిందికీ

నిలిచిన చోటు నుంచి కదిలి టాప్ గేరు వరకు అన్ని గేర్లూ సాఫీగా వేయగలగాలని, రద్దీ అవసరమైనప్పుడు టాప్ నుంచి కింది గేర్లకు చురుగ్గా రాగలగాలని పరీక్ష నిబంధన చెబుతుంది. పైకి వేయడం సులువు: ఇంజను వేగం చూపే గేజీలో ఆకుపచ్చ పట్టీ చివరకు ముల్లు వచ్చినప్పుడు యాక్సిలరేటరు వదిలి, క్లచ్చు తొక్కి, గేరు వేసి, క్లచ్చు వదిలి, మళ్ళీ యాక్సిలరేటరు అందుకోవాలి. రాడ్డును గుప్పిటితో బిగించి గుంజకండి. అరచేతితో తోసి న్యూట్రల్ దగ్గర అర క్షణం ఆగనిస్తే సింక్రో రింగులు రెండు పళ్ళ చక్రాల వేగాలను కలుపుతాయి, గేరు తనంతట తాను లోపలికి జారుతుంది. ఖాళీ లారీని సమతలం మీద రెండో గేరులో కదిలించడం డ్రైవర్లలో వాడుక. మీ శిక్షకుడు ఆ బండికి అది తగునని చెబితేనే అలా చేయండి. ఎత్తు మీదా, బరువుతోనూ మొదటి గేరే.

కిందికి దించడంలో అసలు పరీక్ష ఉంది. ముందు బ్రేకుతో వేగం తగ్గించాలి, తరువాత గేరు దించాలి. క్లచ్చు తొక్కి కింది గేరు వేసేటప్పుడు యాక్సిలరేటరును చిన్నగా ఒకసారి తాకితే ఇంజను వేగం పెరిగి కింది గేరుకు సరిపోతుంది. అప్పుడు క్లచ్చు వదిలితే బండి కుదుపు లేకుండా పడుతుంది. సింక్రో సరిగా పనిచేయని పాత బండి మీద నేర్చుకోవలసి వస్తే డబుల్ క్లచ్చు తప్పదు: ఒకసారి తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి వదలాలి, యాక్సిలరేటరు కొద్దిగా ఇవ్వాలి, మళ్ళీ తొక్కి కింది గేరు వేయాలి. మీ బండికి అవసరం లేకపోయినా ఒక వారం ఇది సాధన చేయమని నా సలహా. ఇంజను వేగమూ చక్రాల వేగమూ కలిసే క్షణం చెవికి తెలిసేది దీనివల్లే.

ఆగేటప్పుడు చాలామంది ముందు క్లచ్చు తొక్కేస్తారు. అలా చేస్తే ఇంజను పట్టు పోయి బరువంతా బ్రేకు మీద పడుతుంది. గేరులోనే ఉంచి బ్రేకు వేస్తూ రండి, ఇంజను వణకబోయే ముందు మాత్రమే క్లచ్చు తొక్కండి. అత్యవసరంగా ఆపమన్నప్పుడు కూడా బ్రేకే ముందు. గాలి బ్రేకును పదే పదే కొట్టి వదలకూడదు. ప్రతిసారీ ట్యాంకులోని గాలి ఖర్చవుతుంది. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండిలో పెడలును గట్టిగా తొక్కి పట్టుకుని స్టీరింగు నిటారుగా ఉంచితే చాలు.

ఎత్తు మీద ఆగి మళ్ళీ కదలడం

నేను మొదటిసారి పరీక్షకు వెళ్ళినప్పుడు తప్పినది ఇక్కడే. ఎత్తు మీద ఆపమన్నారు, ఆపాను. కదలమన్నారు, హ్యాండ్ బ్రేకు వదిలాక క్లచ్చు పట్టే చోటు కోసం వెతికాను. అప్పటికే లారీ రెండు అడుగులు వెనక్కి వెళ్ళింది. ఏమాత్రం వెనక్కి జారకుండా కదలాలన్నది నిబంధనలోని మాట, కాబట్టి ఆ రెండు అడుగులకే నా పరీక్ష ముగిసింది. నెల తరువాత మళ్ళీ వెళ్ళేసరికి ఆ క్రమాన్ని తిరగేసి నేర్చుకున్నాను.

అది ఇలా ఉంటుంది. ఆగగానే హ్యాండ్ బ్రేకు వేయండి, ఫుట్ బ్రేకు మీద మాత్రమే నమ్మకం పెట్టుకోకండి. మొదటి గేరు వేయండి. కుడికాలితో యాక్సిలరేటరును కొద్దిగా, ఒకే స్థాయిలో పట్టుకుని క్లచ్చును పట్టే చోటుకు తీసుకురండి. ఇంజను శబ్దం బరువెక్కి క్యాబిన్ ముక్కు కొంచెం పైకి లేచినట్లు అనిపించాలి. బండి కదలాలనుకుంటూ హ్యాండ్ బ్రేకు వల్ల ఆగి ఉన్న స్థితి అది. ఆ పాదాన్ని అక్కడే నిలిపి హ్యాండ్ బ్రేకు మీట వదలండి. గాలి బ్రేకు బండిలో మీట వదిలిన క్షణానికే చక్రం విడివడదు, గాలి గదుల్లోకి చేరడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో కంగారుపడి క్లచ్చు పూర్తిగా వదిలేస్తే ఇంజను ఆగిపోతుంది, భయపడి తొక్కేస్తే వెనక్కి జారుతుంది. కాలు కదపకుండా ఓపిక పడితే బ్రేకు వదలడమూ లారీ ముందుకు సాగడమూ ఒకేసారి జరుగుతాయి. ఈ ఒక్క విద్యకు కనీసం మూడు రోజులు కేటాయించండి: ముందు కాలువ గట్టు ఎక్కే చిన్న వాలు మీద, తరువాత వంతెన ఎక్కే దారిలాంటి పెద్ద వాలు మీద, రద్దీ లేని వేళలో, వెనుక ఎవరూ నిలబడకుండా చూసుకుని సాధన చేయండి.

పల్లం దిగడం

పల్లంలో కింది గేర్లకు చురుగ్గా మారగలగాలని కూడా పరీక్ష నిబంధన అడుగుతుంది. శ్రీశైలం వెళ్ళే నల్లమల ఘాట్, పాడేరు ఘాట్, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే దారి, చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్ ఎరిగినవారికి ఆ వాక్యం ఎందుకు రాశారో వివరించనక్కరలేదు. పొడవైన పల్లంలో బ్రేకునే పట్టుకుని దిగితే డ్రమ్ములు కాగిపోయి, తొక్కినా పట్టని స్థితి వస్తుంది. అందుచేత పల్లం మొదలయ్యే ముందే వేగం తగ్గించి, గేరు దించి, ఇంజను పట్టుతో దిగాలి. ఇంజను పొగ దారిని మూసి బండిని నిదానింపజేసే ఎగ్జాస్టు బ్రేకు ఉంటే దాన్ని వేసుకోవాలి. ఫుట్ బ్రేకును అప్పుడప్పుడు గట్టిగా వేసి పూర్తిగా వదలాలి. వేగం పెరిగిపోయాక దించబోతే కింది గేరు పడదు, పై గేరూ చేజారుతుంది, బండి న్యూట్రల్‌లో మిగిలిపోతుంది. అంతకంటె ప్రమాదకరమైన స్థితి లారీలో నాకు తెలిసి మరొకటి లేదు.

డీజిలు ఆదా అని న్యూట్రల్‌లో దింపే అలవాటు ఇంకా పోలేదు. దాన్ని ఏ పెద్ద డ్రైవరు నేర్పినా నేర్చుకోకండి. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే డీజిలు పంపడం దాదాపు నిలిచిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను తిరుగుతూ ఉండటానికి డీజిలు కాలుతూనే ఉంటుంది. అంటే ప్రాణం పణంగా పెట్టి చేసే ఆ పనిలో ఆదా కూడా లేదు. ఇరుకు ఘాట్ దారిలో ఎదురు బండి ఎక్కుతూ వస్తుంటే దిగేవారే ఆగి దారి ఇవ్వాలన్న నియమాన్ని కూడా ఇక్కడే గుర్తు పెట్టుకోండి, పరీక్షలో అడిగే అవకాశం ఉంది.

రివర్సు, మలుపులు

బండి పూర్తిగా ఆగితేనే రివర్సు వేయాలి. వేసే ముందు దిగి వెనుక చూసి రావడం తప్పు కాదు, నా లెక్కన అది నేర్పరితనం. రివర్సులో యాక్సిలరేటరు దాదాపు అవసరం ఉండదు. క్లచ్చు వదిలి నిదాన వేగంలో పోనిస్తూ కుడికాలిని బ్రేకు దగ్గర ఉంచండి. స్టీరింగు ఎడమకు తిప్పితే వెనుక భాగం ఎడమకే పోతుంది, ట్రైలరు అయితే దానికి వ్యతిరేకం. వెనుక భాగాన్ని మాత్రమే చూస్తూ ముందు భాగాన్ని మరచిపోవడం మామూలు పొరబాటు. వెనుక ఎడమకు పోతుంటే ముక్కు కుడికి ఊగి పక్కనున్న స్తంభాన్ని తాకుతుంది. దారి తప్పినట్లు అనిపిస్తే ఆపి, ముందుకు వచ్చి, సరిచేసుకోండి. ఇరుకు సందులోకి ఎడమగానో కుడిగానో రివర్సు పెట్టడమూ, ముందుకూ వెనక్కూ వేసి బండిని పూర్తిగా తిప్పడమూ నిబంధనలో ఉన్న అంశాలే. హెచ్ ఆకారపు ట్రాకు అయినా మరో రకమైనా సాధన ఒకటే, గుర్తులకు బదులు నాలుగు ఖాళీ డబ్బాలు పెట్టుకుంటే సరిపోతుంది.

మలుపుల్లో వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో నడవవు, లోపలికి కోసుకుని వస్తాయి. ముఖ్యంగా ఎడమ మలుపులో మీరు కుడివైపు కూర్చుని ఉంటారు కాబట్టి ఆ వెనుక చక్రం ఎక్కడుందో ఎడమ అద్దంలో చూస్తేనే తెలుస్తుంది. మూల దగ్గర వెంటనే తిప్పకుండా కొంచెం ముందుకు పోయి తిప్పండి, ఆ ఖాళీలోకి ద్విచక్ర వాహనం దూరిందేమో చూడండి. మలుపు ముందే గేరు దించుకోండి. మలుపు మధ్యలో రెండు చేతులూ స్టీరింగుకే కావాలి. అద్దం, ఇండికేటరు, మళ్ళీ అద్దం, ఆ తరువాతే స్టీరింగు.

పరీక్ష రోజు

వారం ముందు నుంచి కొత్తవేమీ నేర్చుకోకండి. పరీక్షకు మీరు దరఖాస్తు చేసిన తరగతి వాహనాన్నే తీసుకువెళ్ళాలి కాబట్టి బండి రిజిస్ట్రేషన్, బీమా, ఫిట్‌నెస్, కాలుష్య పత్రాలు చెల్లుబాటులో ఉన్నాయో లేదో ముందురోజే చూసుకోండి. రాత్రి బాగా నిద్రపోండి. పలుచని, గట్టి అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. చెప్పులతో క్లచ్చు పట్టే చోటు తెలియదు, మందమైన రబ్బరు అడుగు ఉన్నా తెలియదు. వీలైతే గంట ముందు అదే బండితో నాలుగు సార్లు కదిలి ఆగండి.

జనం బ్రేకు ఇన్‌స్పెక్టరు అని పిలుచుకునే మోటారు వాహనాల తనిఖీ అధికారి పక్కన కూర్చున్నాక మీరు చేసేది ఆయనకు కనబడేలా చేయండి. అద్దం చూసేటప్పుడు కళ్ళు మాత్రమే తిప్పితే చాలదు, తల తిప్పండి. గేరు పడకపోతే కంగారుపడి రాడ్డును కుదపకండి; క్లచ్చు మళ్ళీ పూర్తిగా తొక్కి, న్యూట్రల్‌కు తెచ్చి, తిరిగి వేయండి. ఇంజను ఆగిపోతే ముందు బ్రేకు, హ్యాండ్ బ్రేకు, న్యూట్రల్, ఆ తరువాతే తాళం. ఒకసారి ఇంజను ఆగడం కంటె, ఆగిన తరువాత గేరులో ఉన్న సంగతి మరచి తాళం తిప్పి బండిని ఎగిరించడం చాలా పెద్ద తప్పు.

పూర్తయ్యాక బండిని ఎడమకు తీసి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్ చేసి, ఇంజనును ఒకటి రెండు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి ఆపండి. ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో చల్లబడటానికి అది అవసరం. దిగేటప్పుడు అద్దంలో వెనుక నుంచి ఎవరూ రావడం లేదని చూసి, క్యాబిన్ వైపు ముఖం పెట్టి, పట్టుకునే కడ్డీ వదలకుండా దిగండి.

ఉత్తీర్ణులైతే రవాణా లైసెన్సు ఐదేళ్ళు చెల్లుతుంది. ఆయిలు ట్యాంకర్లు, గ్యాసు వంటి ప్రమాదకర సరుకుకు ప్రత్యేక శిక్షణ, మూడేళ్ళ చెల్లుబాటు వేరే ఉన్నాయి. తప్పితే ఏడు రోజుల తరువాత మళ్ళీ రావచ్చు, కానీ మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. అందువల్ల తప్పిన రోజు సాయంత్రమే ఎక్కడ తప్పారో ఒక కాగితం మీద రాసుకోండి: ఏ గేరులో ఉన్నారు, వాలు ఎంత ఉంది, కాలు ఎక్కడ ఉంది. మరునాడు శిక్షకుణ్ణి అదే బండితో, అలాంటి చోటికే తీసుకువెళ్ళమని అడిగి, మిగిలినవన్నీ పక్కన పెట్టి ఆ ఒక్కదాన్నే వారమంతా చేయండి.